ఉండి కాపాడేవారికి ఏమిస్తారు?

పులి కోసం ఊరు వదిలితే కుటుంబానికి 15 లక్షలు. 2021 దాకా అది 10 లక్షలే. మరి ఊళ్లోనే ఉండి పులికి దారి వదిలితే? పశువు పోతే పరిహారం ఉందంటారు. అది నష్టానికి ఇచ్చేది, కాపాడినందుకు కాదు.

సొంత భూమిలో వన్యప్రాణులకు చోటు వదిలేవారికి ప్రోత్సాహకం ఇవ్వాలనే మాట మంచిదే. వాగు ఒడ్డున పత్తి వేయకుండా పొద పెరగనిస్తే, చేలో ఇప్పచెట్టు కొట్టకుండా ఉంచితే ఆ మేరకు పంట తగ్గుతుంది. ఆ భారం పేద రైతు ఒక్కడే ఎందుకు మోయాలి?

కానీ 'భూయజమాని' అంటే ఎవరు? 1/70 చట్టం ఉన్నా ఏజెన్సీలో ఎన్నో భూములు గిరిజనేతరుల చేతుల్లోనే ఉన్నాయి. తరాలుగా పోడు చేసినా పట్టా రానివాళ్లు మనలో ఎందరో. కాగితం చూసి డబ్బిస్తే, మన భూమి తీసుకున్నవాడికే బహుమానం దక్కుతుంది.

చట్టం తీరూ చూడండి. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం వ్యక్తి గానీ సమాజం గానీ ముందుకొస్తే ఆ భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. ఆపైన భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. షరతు రాశారు, ప్రతిఫలం రాయలేదు. 2025లో ఆసిఫాబాద్ జిల్లాలో పులుల దారి కోసం కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వు అంటూ జీవో 49 తెచ్చారు. ఆదివాసులు రోడ్డెక్కాకే దాన్ని ఆపారు. జల్, జంగల్, జమీన్ అన్నవాడి పేరు కావాలి, ఆయన జనం మాట అక్కర్లేదా?

డబ్బడిగితే అడవిని అమ్మినట్టు కాదా అని మన పెద్దలే కొందరు అంటారు. మనం అడిగేది అడవికి ధర కాదు, కాపలాకు కూలి. అందుకే ముందు పట్టాలివ్వాలి. ఉమ్మడిగా కాపాడే అడవికి గ్రామసభ ద్వారా ఏటా సొమ్ము రావాలి. అది తీసుకున్నందుకు ఏ హక్కూ పోకూడదు.

అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 5 వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. టీచర్లు దాన్ని మన భాషల్లో చదివి వినిపించాలి. యువకులు వాగులు, జంతువుల దారులు గుర్తించి పటం గీయాలి. రేపు ఎవరైనా పథకం పట్టుకొస్తే మన తీర్మానం ముందే సిద్ధంగా ఉండాలి.