మోటారుసైకిలు పోయిన పిమ్మట

తెల్లవారి వాకిలి తెఱచి చూచునప్పటికి రాత్రి నిలిపిన మోటారుసైకిలు అచట లేకున్నచో గృహస్థునకు మొట్టమొదట కలుగునది కోపము కాదు, అపనమ్మకము. ప్రక్కింటివారు దారికడ్డమని ఆవలకు జరిపియుందు రనుకొనును. తమ్ముడు చెప్పకుండ తీసికొనిపోయి యుండు ననుకొనును. వీధి ఈ కొననుండి ఆ కొనవఱకు రెండుమాఱులు నడచి చూచును. ఇంతలో రెండు మూడు గంటలు గడచును. బండి జిల్లా సరిహద్దు దాటిపోవుటకు ఆ వ్యవధి చాలును. హైదరాబాదునందు గాని, విజయవాడ, విశాఖపట్టణములందు గాని ఇట్టి యుదయమును చూడని పేట లేదనిన అతిశయోక్తి కానేరదు.

మోటారుసైకిలు నేడు విలాసవస్తువు కాదు. ఇంటింటికి భోజనము చేరవేయు యువకునకు, పాలక్యానులు తగిలించుకొని చీకటితో బయలుదేరు రైతునకు, చీరలమూట కట్టుకొని పల్లెలు తిరుగు చిల్లరవర్తకునకు అదియే జీవనాధారము. బండి పోయిననాడు ఆనాటి కూలియు పోయినదే. పైగా ఇట్టివారి బండ్లు అనేకములు వాయిదాల అప్పుమీద కొనినవి. బండి పోయినను వాయిదా పోదు. కావున ఈ నేరమును చిల్లరదొంగతనముల పద్దులో వ్రాసి ఊరకుండు ధోరణి న్యాయము కాదు.

బండి పోయిన పిమ్మట ఏమి చేయవలెనని అడిగినచో స్నేహితులు పదిరకముల సలహాలు చెప్పుదురు. పాతసామానుల అంగళ్లు వెదకుమని ఒకరు, ఫోటో పదిమందికి పంపుమని ఒకరు, తమకు తెలిసిన కానిస్టేబులు కలడని వేరొకరు. ఇవి చేయరాదని మేమనము. కాని దొంగతనము తెలిసిన దినముననే పోలీసు ఠాణాలో ప్రథమ సమాచార నివేదిక, అనగా ఎఫ్.ఐ.ఆర్., నమోదు కావలెను. బండి యజమానికి చట్టమునందును బీమాయందును గల హక్కులన్నియు ఆ ఒక్క కాగితముమీదను, దానిపైనుండు తేదీమీదను ఆధారపడి యున్నవి. ఈ సంగతి ప్రజలలో చాలమందికి తెలియదు. తెలిసిన పోలీసు ఉద్యోగులు కొందఱు తెలియనట్లు ప్రవర్తింతురు.

ముందుగా 112 నంబరునకు ఫోను చేయవలెను. ఆ ఫోను చేసిన వేళ నమోదై యుండును గనుక అదియు ఒక సాక్ష్యమే. పిమ్మట వ్రాతమూలకమైన ఫిర్యాదు ఇయ్యవలెను. అందు బండి నంబరుతోపాటు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రంగు, నిలిపిన స్థలము, కడపటిసారి చూచిన వేళ, మడ్గార్డుమీది గీత, సీటు చినుగు మొదలగు గుర్తులు ఉండవలెను. దొంగ మొదట మార్చునది నంబరుపలకనే. మార్చుట కష్టమైనది ఛాసిస్ మీద చెక్కిన సంఖ్య. ఆ సంఖ్య తెలియని ఫిర్యాదు సగము ఫిర్యాదే. విచిత్రమేమన, ఆ వివరములుగల రిజిస్ట్రేషను కార్డును మనవారు బండి పెట్టెలోనే యుంచుదురు. బండితోపాటు అదియు దొంగకే చేరును. డిజీలాకరునందో, ఎంపరివాహన్ నందో దాని ప్రతి నుంచుకొనినవారికి ఈ చిక్కు లేదు.

ఠాణాలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "రెండుదినములు వెదకిచూడుడు, దొరకనిచో రండు." మఱికొన్నిచోట్ల అర్జీ తీసికొని, దానిపై ముద్ర వేసి, రసీదు చేతికిచ్చి పంపుదురు. ఆ రసీదే ఎఫ్.ఐ.ఆర్. అనుకొని అమాయకుడు ఇల్లు చేరును. రెంటికిని గల భేదము నెలదినముల పిమ్మట బీమా కంపెనీ గుమాస్తా చెప్పినప్పుడుగాని తెలియదు. శిక్షార్హమైన నేరము జరిగినట్లు ఫిర్యాదునుబట్టి తెలియుచున్నప్పుడు, అది పోలీసులు వారంటు లేకయే పట్టుకొనదగిన నేరమైనచో, ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట విధి యనియు, అది ఉద్యోగి యిష్టాయిష్టములకు సంబంధించినది కాదనియు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2013 లోనే లలితాకుమారి కేసునందు నిర్ణయించినది. 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 వ సెక్షను ఇంకను ముందునకు పోయినది. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చును. ఎలక్ట్రానిక్ మార్గమునను పంపవచ్చును. అట్లు పంపినవారు మూడుదినములలో వచ్చి సంతకము చేయవలెను. నివేదిక ప్రతిని రుసుము లేకుండ ఫిర్యాదికి ఇయ్యవలెను. ఠాణాధికారి నిరాకరించినచో ఆ సమాచారమునే పోలీసు సూపరింటెండెంటునకు తపాలాద్వారా పంపవచ్చును. అప్పటికిని ఫలము లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ సెక్షనునందే వేరొక ద్వారము తెఱవబడినది. మూడు సంవత్సరములు మొదలుకొని ఏడు సంవత్సరములకు లోబడిన శిక్షగల నేరములలో, డి.ఎస్.పి. అనుమతితో 14 దినములలోపల ప్రాథమిక విచారణ జరుపవచ్చునని అందు కలదు. సామాన్యమైన దొంగతనమునకు భారతీయ న్యాయసంహిత 303 వ సెక్షను క్రింద గరిష్ఠశిక్ష సరిగా మూడు సంవత్సరములు. అనగా మోటారుసైకిలు దొంగతనము ఆ ద్వారమునకు ఎదుటనే నిలిచియున్నది. సందేహాస్పదమైన ఫిర్యాదులకు ఈ నియమము ఉపయోగపడవచ్చును. వాకిటి బండి వాకిట లేదనుటలో రెండువారములు విచారింపదగిన సందేహమేమి యున్నదో మాకు బోధపడుట లేదు. ఈ నియమమును బండ్ల దొంగతనములకు వర్తింపజేయరాదని రెండు రాష్ట్రముల పోలీసు ముఖ్యాధికారులును తమ ఠాణాలకు స్పష్టముగా ఉత్తరువు లిచ్చుట అవసరము. నమోదైన కేసుల సంఖ్య పెరిగినచో ఠాణాకు అపకీర్తి యను భావము ఉన్నంతకాలము, కాగితము వ్రాయకుండుటకు ఏదో యొక సాకు దొరకుచునే యుండును.

ఆలస్యమువలన నష్టపడునది పోలీసుశాఖ కాదు, బండి యజమానియే. బీమా పత్రములందు దొంగతనమును "వెంటనే" తెలుపవలెనను షరతు ఉండును. కంపెనీలు ఈ యొక్క మాటను పట్టుకొని, తమకు ఆలస్యముగా తెలిపినారను కారణమున, నిజమైన దావాలను పెక్కింటిని త్రోసివేసినవి. ఈ వివాదమును సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2020 జనవరిలో గురుషిందర్ సింగు కేసునందు పరిష్కరించినది. అది ట్రాక్టరు దొంగతనము. యజమాని పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసియుండగా, కంపెనీకి తెలుపుటలో ఆలస్యమైన దను కారణము మాత్రముచేత పరిహారము నిరాకరింపరాదని తీర్పు వచ్చినది. వాహనమును వెదకి పట్టగలవారు పోలీసులేగాని కంపెనీ కాదనునది అందలి తర్కము. సామాన్యునకు ఈ తీర్పు గొప్ప రక్షణయే. కాని దాని మూలస్తంభము ఆలస్యము లేని ఎఫ్.ఐ.ఆర్. కదా! ఠాణావారు పదిదినములు త్రిప్పినచో ఆ రక్షణయే సడలును. కావున త్రిప్పబడుచున్నవాడు ఊరక తిరుగక, తన సమాచారమును అదేదినమున ఎలక్ట్రానిక్ మార్గమునగాని, రిజిష్టరు తపాలాద్వారాగాని పంపి ఆ గుర్తును భద్రపఱచుకొనవలెను. తీర్పు ఉన్నది గదా యని కంపెనీకి తెలుపుట మానరాదు. అదియు ఆ దినముననే జరుగవలెను.

అసలు ఆ బీమా దొంగతనమునకు వర్తించునా యను ప్రశ్న ఇంకొకటి కలదు. ఇచట వేలాది కుటుంబములు మోసపోవుచున్నవి. మోసగించినవాడు దొంగయు కాడు, కంపెనీయు కాదు, పత్రముమీది తేదీయే. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనము కొనువారు ఐదు సంవత్సరముల థర్డుపార్టీ బీమా తీసికొనుట నిర్బంధమైనది. దానితో కలిపి ఇచ్చు సొంతనష్టపు బీమా సాధారణముగా ఒక్క సంవత్సరమునకే. థర్డుపార్టీ బీమా మన బండివలన ఇతరులకు కలుగు హానికి సంబంధించినది. బండి దొంగల పాలైనచో అది ఒక్క రూపాయి ఇయ్యదు. రెండవ సంవత్సరమున సొంతనష్టపు భాగము ముగియును. దారిలో తనిఖీ చేయు పోలీసులు థర్డుపార్టీ పత్రము చాలునందురు. పత్రముపై ఐదేండ్ల తేదీ కనబడుచుండును. బీమా ఉన్నదని ఇల్లంతయు నిశ్చింతగా నుండును. లేదను సంగతి బండి పోయిననాడు తెలియును. 2019 సెప్టెంబరు నుండి సొంతనష్టపు బీమాను విడిగా కొనుటకు వీలున్నది. ఈ సంగతి అమ్మకపు దుకాణములలో చెప్పువా రుందురేమోగాని మాకు తటస్థపడలేదు.

బీమా సజీవముగా నున్నవారికి దొంగతనము సంపూర్ణనష్టముగా లెక్కకు వచ్చును. చెల్లించునది కొన్న ధర కాదు, పత్రమునందు ప్రకటించిన విలువ. వాడుకలోనున్న పట్టిక ప్రకారము రెండేండ్లు దాటి మూడేండ్లు నిండని బండికి 30 శాతము తరుగుదల. లక్షరూపాయల బండికి 70 వేలు. అప్పు మిగిలియున్నచో ఆ సొమ్ము ముందుగా అప్పిచ్చినవారికి చేరి, శేషము యజమానికి వచ్చును. ఆ లోపల వాయిదాలు ఆపినచో వడ్డీయు, జరిమానాయు, రేపటి అప్పునకు చెడ్డపేరును తప్పవు. కంపెనీ రెండు తాళపుచెవులను అడుగును. ఒకటి ఏడాది క్రిందటనే పోయినచో ఆ మాట దాచక వ్రాయవలెను; తాళము బండికే వదలినారను వాదమునకు అవకాశ మీయరాదు. 28, 29, 30 నంబరుల ఫారములపై సంతకములు, బండిపై హక్కును కంపెనీకి బదలాయించు పత్రము, బండి ఆచూకీ తెలియలేదని పోలీసులు కోర్టునకు సమర్పించు తుదినివేదిక, ఇవన్నియు కావలెను. తుదినివేదికకై నెలలతరబడి తిరుగుట పరిపాటి. దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో 90 దినములలోపల ఫిర్యాదికి తెలుపవలెనని క్రొత్తచట్టమే చెప్పుచున్నది గనుక ఆ గడువు నుదాహరించి వ్రాతమూలకముగా అడుగవలెను. కంపెనీ అన్యాయముగా నిరాకరించినచో, లేక వ్రాసిన నెలలోపల బదులీయనిచో, హైదరాబాదులోని బీమా అంబుడ్సుమన్ కార్యాలయమునకు రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. వినియోగదారుల కమీషను మార్గమును ఉన్నది.

రవాణాశాఖకు ఎఫ్.ఐ.ఆర్. ప్రతితో అర్జీ పెట్టుట చాలమంది మఱచు పని. రిజిస్టరులో దొంగతనము గుర్తింపబడనిచో బండి పరులపేరిట మారిపోవచ్చును. దొంగ ఆ బండితో ఎవరినైన గ్రుద్ది పారిపోయినచో పోలీసులు ముందుగా వచ్చునది రిజిస్టరులో నున్న యజమాని ఇంటికే. ఇక జరిమానాల సంగతి. పోయిన బండిపై దొంగ హెల్మెట్ లేకుండ పోవుచుండగా కూడలిలోని కెమేరా ఫోటో తీయును; ఆ ఫోటోతో ఈ-చలాను బండి పోగొట్టుకొనినవాని ఫోనుకు వచ్చును. ఇట్టి వార్తలు హైదరాబాదునుండి పలుమాఱులు పత్రికల కెక్కినవి. కొందఱు ఆ చలానునందలి స్థలమును, వేళను చూపియే తమ బండి జాడను ఠాణాకు తెలిపినారు. అట్టి చలాను వచ్చినవారు చిరాకుతో చెఱిపివేయక దర్యాప్తు అధికారికి వెంటనే చూపవలెను. దొంగతనము వ్రాసికొనినది పోలీసుశాఖయే, ఫోటో తీసినదియు పోలీసుశాఖయే. జరిమానా విధించునప్పుడు రెప్పపాటులో యజమాని చిరునామా తెలిసికొనగల యంత్రమునకు, ఆ నంబరు దొంగబండ్ల పట్టికలో నున్నదని మాత్రము తెలియకపోవుట యెట్లు? ఎఫ్.ఐ.ఆర్. వ్రాసిన క్షణముననే ఆ నంబరు కెమేరాలకును, రవాణాశాఖ వాహన్ పట్టికకును, బీమా కంపెనీకిని తనంతట చేరునట్లు చేయుట ప్రభుత్వముల విధి. ఒక కార్యాలయపు కాగితమును వేరొక కార్యాలయమునకు మోసికొనిపోవు బంట్రోతుపని బాధితుని నెత్తిన వేయుట తగదు.

కొనువారి సంగతియు చెప్పవలసి యున్నది. పత్రములు తరువాత ఇత్తుమని సగము ధరకు అమ్మజూపు బండి ఎచటినుండి వచ్చినదో ఊహింపలేనివారు అరుదు. దొంగసొత్తని తెలిసి కొనినవానికిని గరిష్ఠశిక్ష మూడు సంవత్సరములే; దొంగకును వానికిని చట్టము భేదము చూపలేదు. జాతీయ నేరనమోదు సంస్థ వారి వాహన్ సమన్వయ్ పట్టికలో, కొనబోవు బండి దొంగతనమునకు గురియైనదా యని ఎవరైనను ముందుగా చూచుకొనవచ్చును.

దొరకిన బండ్ల గతి మఱియు శోచనీయము. ఏ ఠాణా ఆవరణ చూచినను త్రుప్పుపట్టి, చక్రములు కుంగి, తీగెలు ప్రాకిన మోటారుసైకిళ్ల గుట్టలు కానవచ్చును. ఇట్లు కుళ్లనీయరాదనియు, ఫోటోలు తీసి పంచనామా వ్రాసి పూచీకత్తుపై యజమానికి అప్పగింపవలెననియు సుప్రీంకోర్టు 2002 లో సుందర్ భాయి అంబాలాల్ దేశాయి కేసునందు ఆదేశించినది. నాగరిక సురక్షా సంహిత 497 వ సెక్షను దీనికి గడువు లేర్పఱచినది: కోర్టు ఎదుటికి వచ్చిన సొత్తుకు 14 దినములలో వివరపట్టికయు, ఫోటోలును, ఆపైని 30 దినములలో దాని విషయమై ఉత్తరువును. యజమాని మేజిస్ట్రేటు కోర్టున అర్జీ పెట్టి తాత్కాలిక స్వాధీనము కోరవచ్చును. బీమా సొమ్ము అప్పటికే ముట్టియున్నచో బండి కంపెనీదగును. కాని తన బండి మూడవ జిల్లాలో వేఱు నంబరుపలకతో పడియున్నదని యజమానికి తెలియుటెట్లు? ప్రతి ఠాణాయు తన ఆవరణమునందున్న బండ్ల ఛాసిస్ నంబరులను నెలకొకసారి ప్రకటించినచో, ఆ గుట్టలలో నెన్నియో బండ్లు తమ యిండ్లకు చేరును. దీనికి క్రొత్తచట్టము అక్కఱలేదు, క్రొత్త సిబ్బందియు అక్కఱలేదు. ఒక్క కానిస్టేబులు ఒక్క దినము గుడ్డతో మట్టి తుడిచి ఆ సంఖ్యలను వ్రాసికొనినచో చాలును.