తెర పెట్టే ముందు

ఈ సంచికకు రాసిన డిజైనర్లకు మేం పెట్టిన ప్రధాన షరతు ఒకటే: కంప్యూటర్ తెరిచే ముందు జనం మసిలే చోట ఒక పూట కూర్చోండి.

ఇది కొత్త పద్ధతేం కాదు. నగర జీవితాన్ని పరిశీలించిన అమెరికా రచయిత విలియం వైట్ న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి జనాన్ని ఏళ్ల తరబడి గమనించి, 1980లో పుస్తకం వేశాడు. జనం ముచ్చట్లు పెట్టుకునేది సరిగ్గా దారికి అడ్డంగానేనట! జరపడానికి వీలున్న కుర్చీ దొరికితే, అవసరం లేకున్నా కాస్త జరిపిగానీ కూర్చోరట.

మరి నాగల్‌గిద్దలో? 2016లో మండలమైన ఈ తెలంగాణ ఊరు కర్ణాటక సరిహద్దున ఉంది. ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, లంబాడీ వినిపిస్తాయి. ఇక్కడ బస్సు సమయాలు చెప్పే తెర పెట్టాలంటే మొదటి ప్రశ్న రంగు గురించి కాదు. బోర్డు చదివేదెవరు, పక్కవాళ్లను అడిగేదెవరు, అడిగితే ఏ భాషలో? మధ్యాహ్నం నీడ ఎటు జరిగితే జనం అటు జరుగుతారు. తెర మాత్రం ఎండలోనే ఉండిపోతుంది.

బస్సులోపల చూడాల్సింది ఇంకా ఉంది. 2023 డిసెంబరు నుంచి ఈ పల్లె బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం, అయినా జీరో టికెట్ కొట్టాల్సిందే. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, చంకలో పిల్లతో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తీసి చూపించాలి. కండక్టరు అదే కుదుపులో మిషన్ మీటలు నొక్కాలి. ఏసీ గదిలో గీసిన బొమ్మల్లో ఆ కుదుపు ఉండదు.

ఒక్కమాట: ఎవరి మొహాలూ ఫొటో తీయొద్దన్నాం. అందుకే ఈసారి పేజీల్లో చేతిగీతలే ఎక్కువ.