మ్యాన్‌హోల్ మూత దగ్గరే ఆగిపోయే పరిశోధన

‘ఎన్‌రిచ్‌మెంట్ యాక్టివిటీస్’ అనే మాట ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో బాగా వినబడుతోంది. సివిల్ చదివే పిల్లల్ని డిగ్రీ స్థాయిలోనే పరిశోధన వైపు నడిపించాలట. సమ్మర్ ఇంటర్న్‌షిప్, హ్యాకథాన్, పోస్టర్ పోటీ, సైట్ విజిట్. మంచిదే. కానీ ఈ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? ఎవరి దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తున్నారు?

నేను బిలాస్‌పూర్‌లో సివిల్ పాఠాలు చెప్పుకునేవాణ్ని. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. రైల్వే కాగితాల్లో మా తాత హోదా ‘సఫాయివాలా’. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలోకీ ఎక్కింది. అప్పటినుంచి సైట్ విజిట్ అంటే కెమెరాల తెరలున్న చల్లని గదే. పిల్లలు ఫొటోలు దిగుతారు, రిపోర్టు రాస్తారు, సర్టిఫికెట్ పట్టుకొస్తారు.

నా విద్యార్థి ఒకడు వేరే దారి పట్టాడు. వాళ్ల నాన్న కాంట్రాక్టు కింద మురుగు లైన్లు శుభ్రం చేస్తాడు. తమ బస్తీలో ఏ మ్యాన్‌హోళ్లు పదేపదే పూడుకుపోతున్నాయో, అక్కడ పైపు వాలు ఎంతో కొలుస్తానని ప్రతిపాదన రాశాడు. ఎంపిక కమిటీ ఒక్క వాక్యంతో తిప్పి పంపింది: ఇది సోషల్ వర్క్, ఇంజనీరింగ్ కాదు.

ఇంజనీరింగ్ కాదా? మురుగు పైపులో ప్రవాహం సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పోవాలని మనమే పాఠం చెబుతాం. వాలు తప్పితే వేగం తగ్గుతుంది, మట్టి పేరుకుంటుంది, నిలిచిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాఢత పెరిగితే ఆ వాయువు ముందు వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. ప్రమాదం పోయిందని లోపలి మనిషి అనుకుంటాడు. డ్రాయింగ్ బల్ల మీద జరిగిన తప్పును ఒక దళితుడు తన ఊపిరితో సరిచేయాల్సి వస్తోంది. దీన్ని లెక్కకట్టడం సోషల్ వర్క్ అయితే, కెమెరాల గదిలో ఫొటో దిగడం ఏ శాస్త్రం?

చట్టం కూడా ఈ పిల్లలు చదవాల్సిన ఇంజనీరింగ్ పత్రమే. 2013 చట్టం పాకీపని నిర్వచనంలో రైలు పట్టాలనూ చేర్చింది. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రి ఇచ్చి చేయిస్తే అది పాకీపని కాదన్న మినహాయింపునూ అందులోనే పెట్టింది. ఆ ‘పరికరం’ ఏమిటో, పని చేస్తుందో లేదో పరీక్షించాల్సింది ఎవరు? మురుగు మరణాలకు పరిహారం 10 లక్షలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, డిజైన్ మారలేదు.

పట్టణ నీటి సరఫరాపై కేస్ స్టడీ కావాలంటే మహాడ్ ఉంది. చవదార్ చెరువు అందరిదీ అని 1924లోనే పురపాలక సంఘం తీర్మానించింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం వెళ్లి ఆ నీళ్లు తాగేదాకా తీర్మానం కాగితంగానే ఉంది. తాగాక దాడులు జరిగాయి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో లేబర్ మెంబర్‌గా దామోదర్ లోయ పథకానికి పునాది వేసిన అంబేద్కర్‌ను కూడా సివిల్ విభాగాలకు పరిచయం చేయాలి. మన కాలేజీల్లో ఆయన ఏప్రిల్ 14న పూలదండ దగ్గరే ఆగిపోతాడు.

ఇక డబ్బు సంగతి. పురపాలక సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం 2020లో కేంద్రం ట్యులిప్ పథకం తెచ్చింది. పేరు అందంగానే ఉంది. కానీ స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ ఏదైనా, సెలవుల్లో కూలికెళ్లి ఫీజు కట్టుకునే పిల్లవాడికి అందదు. ఆ రెండు నెలలూ ఇంట్లోవాళ్లు పోషించగలిగిన పిల్లలకే అది ‘మెరిట్’ అవుతుంది. స్టైపెండ్ లేని కార్యక్రమాన్ని పరిశోధన శిక్షణ అనకండి, వంశపారంపర్యం అనండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. మురుగు లైనులో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి వచ్చి క్లాసులో మాట్లాడాలి. ఏ మలుపులో గ్యాస్ నిలుస్తుందో, ఏ వానకు ఏ నాలా వెనక్కి తన్నుతుందో ఆయనకు తెలిసినంత మా ప్రొఫెసర్లకు తెలియదు. పిల్లల ప్రతిపాదనలు ఎంచే కమిటీలోనూ ఆయనకు కుర్చీ ఉండాలి. వచ్చిన రోజుకు డబ్బు ఇవ్వాలి. ఏ పద్దు కింద ఇవ్వాలని అకౌంట్స్ వాళ్లు అడుగుతారేమో, ‘అతిథి ఉపన్యాసకులు’ అన్న పద్దు ఇప్పటికే ఉంది.