పోరుమామిళ్ల శాసనము - నేటి నగరము

కడప మండలమునందలి పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు కలదు. క్రీ. శ. 1369లో విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని నిర్మింపజేసినాడు. చెరువు కడనున్న సంస్కృత శాసనము కేవలము దాతను కీర్తించి ఊరకుండలేదు. ఆ పనికి రెండేండ్ల కాలము పట్టినదని, దినమునకు వేయిమంది కూలీలు పాటుపడినారని, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచినవని లెక్క చెప్పినది. అంతటితో ఆగక, మంచి చెరువునకు కావలసిన 12 సాధనములను, దానికి రాగూడని 6 దోషములను కూడ వివరించినది.

సాధనములలో మొదటిది ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు. రెండవది జలశాస్త్రము నెరిగిన పండితుడు. చివరిది పని తెలిసిన కూలివారి సముదాయము. నేల, నది, కొండ, రాతిగని మొదలైనవి ఈ నడుమ వచ్చును. దోషములలో మూడు మనము ప్రత్యేకముగా గమనింపదగినవి. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండరాదు. నీరు కొంచెమై, పారవలసిన భూమి విస్తారముగా ఉండరాదు. నీరు అధికమై, దానిని నిలుపుకొను చోటు స్వల్పముగా ఉండరాదు.

ఆరున్నర శతాబ్దుల నాటి యీ మాటలను ఒరగల్లుగా చేసికొని నేటి మన మహానగరములను పరీక్షించిన యెడల ఏమి తేలును? హైదరాబాదును ఉదాహరణముగా గ్రహింతము.

ఆ నగర చరిత్రలో ఒక విశేషమున్నది. 1591లో చార్మినారు చుట్టును నగరము వెలయుటకు సుమారు 30 ఏండ్లకు ముందే, ఇబ్రహీం కుతుబ్షా కాలమున హుస్సేను సాగరము ఏర్పడినది. అనగా మొదట చెరువు, తరువాత ఊరు. ఈ క్రమము ఎంతకాలము నిలిచినదో అంతకాలము నగరము సుఖముగా నుండినది. క్రమము తప్పినపుడెల్ల ప్రకృతి దండన విధించినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలాది జనులను పొట్టను పెట్టుకొన్నది. ఎగువ చెరువులు వరుసగా తెగి వరదకు తోడైనవి. అప్పుడుగాని ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపింపలేదు. వారి సూచనల ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే అయినను, పట్టుకొన్న ఆకులు మేలైనవి. ఆ జలాశయములు వరదను ఆపినవి, త్రాగునీటిని ఇచ్చినవి. ఒకే వ్యయమునకు రెండు ప్రయోజనములు సిద్ధించినవి. ఉస్మాన్ సాగరపు నీరు పల్లమెరిగి తనంతట తానే నగరమునకు దిగివచ్చెడిది గనుక నడుపుటకు ఖర్చు స్వల్పము.

నేటి స్థితి వేరు. నగరము పెరిగి పెరిగి తన నీటిని దాటిపోయినది. 2004లో కృష్ణ నుండి, 2015లో గోదావరి నుండి నీరు తెచ్చుకొనవలసి వచ్చినది. వంద కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి, విద్యుచ్ఛక్తితో ఎత్తి తెచ్చుకొన్న నీరది. కావున నిర్మాణ వ్యయము ఒక్కసారి పెట్టి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. కుళాయి తిరుగుచున్నంత కాలము ఖర్చును తిరుగుచునే యుండును. ఇల్లు కట్టి చూడుమన్నారు పెద్దలు. కట్టిన యింటిని నిలుపుకొనుట అంతకంటె కష్టమని నగరములు నేర్చుకొనుచున్నవి.

ఇక ధనము సంగతి. శాసనము చెప్పిన ధనవంతుడగు ప్రభువు నేడు లేడు. ప్రజలే ప్రభువులు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా మొదలగు 18 విషయములను 12వ షెడ్యూలులో చేర్చి, వానిని పురపాలక సంస్థలకు అప్పగింపవచ్చునని చెప్పినది. అయితే పనులను అప్పగించినంత సులభముగా పైకమును అప్పగింపలేదు. ఇంటిపన్ను, ప్రభుత్వ గ్రాంటు, ఋణము, భూముల విక్రయము, ప్రైవేటు సంస్థల పెట్టుబడి - ఈ అయిదే నగరమునకు దారులు. ఒక్కొక్క దారిలో ఒక్కొక్క గుణమును, ఒక్కొక్క ప్రమాదమును కలదు.

ఋణమును తీసికొందము. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగర పాలక సంస్థ బాండ్లు విక్రయించి 200 కోట్ల రూపాయలు సేకరించినది. వడ్డీ నూటికి 8.90. అదే యేట మరల 195 కోట్లు 9.38 వడ్డీకి, 2019లో 100 కోట్లు 10.23 వడ్డీకి తెచ్చినది. ఏడాదిన్నర కాలములోనే అప్పు ధర ఎట్లు పెరిగినదో గమనింపుడు. అప్పు చేయుటయే తప్పని నేననను. 50 ఏండ్లు నిలుచు వంతెనకు నేటి పన్నుదారుడే పూర్తి వెల చెల్లింపవలెననుట న్యాయము కాదు. రేపు దానిపై నడచువాడును తన వంతు నిచ్చుట ధర్మమే. కాని అప్పు తీరకముందే ఆస్తి తరిగిపోరాదు. జీతములకు, నిత్యపు ఖర్చులకు తెచ్చిన అప్పు మనుమనికి మిగిల్చిన భారమే గాని మరొకటి కాదు.

రాబోవు కాలపు ఆదాయమును ముందే అమ్ముకొనుట మరియొక మార్గము. నగరము చుట్టునున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై సుంకము వసూలు చేసికొను హక్కును 2023లో 30 ఏండ్లకు, 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చినారు. సగటున ఏడాదికి 246 కోట్లగును. పైకము ఒకేసారి చేతికి వచ్చినది గనుక ఈ భాగహారమొక్క దానితోనే లాభనష్టములు తేల్చరాదు. తేల్చవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. 30 ఏండ్ల రాబడి నేడే చేతికి వచ్చినపుడు, 30 ఏండ్లు నిలుచు వస్తువు నేదైన దానితో సంపాదించితిమా? ఆ యేటనే కోకాపేటలో ఎకరము నూరు కోట్ల రూపాయలకు పైగా వేలములో పలికినది. సంతోషమే. కాని అమ్మిన భూమిని మరల అమ్మలేము. విత్తనపు గింజలు వండుకొన్న రైతుకు ఆ పూట విందే, వచ్చే కారుకు మాత్రము పస్తు.

ప్రైవేటు పెట్టుబడితో పని జరిగిన యెడల ప్రజలకు భారముండదని కొందరు తలంతురు. 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో రైలు ఆ పద్ధతిలో నిర్మితమైనదే. అనుకొన్నంత మంది ప్రయాణికులు రాలేదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలి రాబడిని మరింత కుంగదీసినది. తుదకు 2025 సెప్టెంబరులో సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా దానిని స్వీకరించుటకు రాష్ట్ర ప్రభుత్వము సూత్రప్రాయముగా అంగీకరించినది. ప్రజలకు అత్యవసరమైన పని నష్టపడిన యెడల, ఒడంబడికలో ఏమి వ్రాసికొన్నను, ఆ నష్టము చివరకు ప్రజల వాకిటికే చేరునని దీనివలన తెలియుచున్నది.

మరి గతి యేమి? మన పూర్వులు ఒక ఉపాయము నెరుగుదురు. చెరువు త్రవ్వించిన వానికి, బాగుచేసిన వానికి దశబంధ మాన్యముగా ఆ చెరువు క్రింది భూమిలో కొంత భాగమిచ్చెడివారు. చెరువు వలన పెరిగిన ఫలములోనుండియే చెరువు ఖర్చు రాబట్టుట అందలి సూత్రము. ఇప్పటి నగరములలో రోడ్డు పడిన చోట, రైలు వచ్చిన చోట భూమి ధర ఇబ్బడి ముబ్బడి యగుచున్నది. ఆ పెంపు భూస్వామి కష్టార్జితము కాదు, ప్రజల ధనము చేసిన పని. దానిలో న్యాయమైన పాలు పన్ను రూపమున ప్రతి యేటను నగరమునకు తిరిగి రావలెను. ఆ పాలు ప్రజల కట్టడముల మరమ్మతునకే కేటాయింపబడవలెను. అట్లుగాక లాభము కొందరికి, వడ్డీ అందరికి అయినపుడు, రోడ్డునకు దూరముగా బస్తీలో నివసించు కూలివాడు తాను చూడని మేడల కొరకు ధర చెల్లించుచున్నాడన్నమాట.

పన్ను పెంచిన ప్రజలు ఒప్పుకొనరని పాలకులందురు. నిజమే. కాని ప్రజలు ఒప్పుకొననిది పన్నును కాదు, లెక్క చెప్పని పన్నును. పోరుమామిళ్ల శాసనము కూలీలను, బండ్లను సైతము రాతిపై చెక్కి అందరి యెదుట నిలిపినది. ఏ వీథిలో ఎంత వసూలైనదో, ఏ కాలువకు ఎంత వెచ్చించిరో అట్లే ప్రకటించిననాడు ప్రజలు ఈ విధముగా పెడమొగము పెట్టరు.

ఇక సరిహద్దు దోషము. హైదరాబాదులో 1989 నుండి నీటికి, మురుగునకు ఒక బోర్డు, 2007 నుండి మహానగర పాలక సంస్థ, 2008 నుండి మహానగరాభివృద్ధి సంస్థ వేర్వేరుగా ఏర్పడినవి. ఒకరు వేసిన రోడ్డును మరొకరు త్రవ్వుట నగరవాసులెరుగని వింత కాదు. 2025 నవంబరులో చుట్టునున్న 27 పురపాలక సంస్థలను మహానగరములో విలీనము చేయుటకు రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించినది. పరిధి పెంచినంత మాత్రమున దోషము తొలగదు. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతమునకు ప్రణాళికా సంఘముండవలెనని, అందు మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ స్థానిక ప్రజాప్రతినిధులే ఎన్నుకొన్నవారుండవలెనని రాజ్యాంగమే విధించినది. అధికారము, ధనము, బాధ్యత మూడును అట్టి సంఘము కడ కలిసిననాడుగాని సరిహద్దు చెరిగిపోదు.

నీరు ఎక్కువై చోటు తక్కువగుట అను దోషమును 2020 అక్టోబరు వానలు కన్నులకు కట్టినట్లు చూపినవి. చెరువుల గట్లు తెగినవి, కాలనీలు మునిగినవి. వాన నేరము కొంతయే. నీటి చోటును మనము ఆక్రమించితిమి గనుక నీరు మన చోటును ఆక్రమించినది. జంట జలాశయముల పరీవాహక ప్రాంతములోని 84 గ్రామములలో కట్టడములను అరికట్టుచు 1996లో 111వ ఉత్తర్వు వెలువడినది. 2022లో ఆ నిబంధనలను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చినది. 1908 నాటి గుణపాఠమునకు ఒక శతాబ్దికి మించిన ఆయువు లేదా యని శంక పొడముచున్నది.

మన పెద్దలు తటాకమును సప్తసంతానములలో నొకటిగా లెక్కించినారు. కన్నబిడ్డతో సమానమనుటలో ఆంతర్యమేమి? కని వదలివేసిన చాలదు, పెంచవలెను. ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. మీ ఊరు నగరమే కానక్కరలేదు. విద్యార్థుల చేత మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాయింపుడు. మన కుళాయి నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది? మన మురుగు ఎచ్చటికి పోవుచున్నది? ఈ రెంటికిని వెల ఎవరు చెల్లించుచున్నారు? పురపాలక కార్యాలయమునకు పోయి అడిగి తెలిసికొని రమ్మనుడు. రేపు పన్ను కట్టవలసినవారును, వోటు వేయవలసినవారును, ఈ అప్పులను తీర్పవలసినవారును ఆ బాలబాలికలే. తమ పేర వ్రాయబడుచున్న పత్రమును చదువు హక్కు వారికి నేడే కలదు.