మిగిలిన మందు ఎవరిది?

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీ ఇంట్లో మందులు మిగిలిపోవడానికి అనేక కారణాలుంటాయి. భర్త చనిపోతే అతని పేర తెచ్చిన డబ్బా మూత తీయకుండానే ఉండిపోతుంది. ఒంటికి పడక డాక్టరు మందు మారిస్తే పాతది మూలపడుతుంది. ఎవరి కంటా పడకుండా గోలీ వేసుకునే వీలు దొరకని రోజులూ ఉంటాయి. పాతబస్తీలో కుటుంబమంతా ఒకే గదిలో బతికే ఇళ్లలో, అత్తకూ ఆడబిడ్డకూ తెలియకుండా ముప్ఫై గోలీల డబ్బాను నెలనెలా దాచుకోవడం తేలికైన పని కాదు.

ఇలా మిగిలిన మందును ఏం చెయ్యాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ చట్టం, ఆసుపత్రి, కుటుంబం స్త్రీని ఎలా చూస్తున్నాయో తెలుసుకోవడానికి ఈ ప్రశ్న చాలు.

ఉస్మానియా ఆసుపత్రిలోనైనా మరెక్కడైనా ఎ.ఆర్.టి. కేంద్రానికి మందుకోసం వెళ్లినప్పుడు పాత డబ్బాలో మిగిలిన గోలీలు లెక్కపెడతారు. మందు క్రమం తప్పకుండా వాడుతున్నదీ లేనిదీ తెలియడానికి ఆ లెక్క అవసరమే. అయితే లెక్క మిగిలినప్పుడు 'ఎందుకు వేసుకోలేదు?' అని అడుగుతారు గానీ, 'వేసుకోనివ్వనిది ఎవరు?' అని అడగడం అరుదు. ఆ ప్రశ్నకు జంకి గోలీలను మోరీలో పారేసేవాళ్లుంటారు. మందు అయిపోయిన మరో స్త్రీకి ఇచ్చేవాళ్లూ ఉంటారు.

ఇలా ఇవ్వడాన్ని నేరంగా లెక్కించే వీలుంది. 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం 18(సి) సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందులు అమ్మడంతో పాటు పంపిణీ చెయ్యడం కూడా నిషిద్ధం. 27వ సెక్షన్ కింద మూడు నుంచి ఐదేళ్ల జైలు శిక్ష ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులు రోగులకిచ్చే మందులకు 1945 నాటి నియమాలలోని 'కె' షెడ్యూలు మినహాయింపునిచ్చింది. కానీ రోగి చేతికి వెళ్లి తిరిగొచ్చిన మందును ఏ షరతులపై మరొకరికి ఇవ్వవచ్చో చెప్పే ఏర్పాటు ఇందులో లేదు. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగానే ఉంది. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వాడని మందులను ఎలా పారెయ్యాలో చెప్పాయి.

జాగ్రత్తలు అక్కర్లేదని మనం అనడం లేదు. మూత తీసిన డబ్బాలో తేమ చేరుతుంది. ఒకరి మందు మరొకరికి సరిపోకపోవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి డోల్యుటెగ్రావిర్ రెట్టింపు మోతాదు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి టెనోఫోవిర్ కీడు చెయ్యవచ్చు. రోగుల నుంచి తిరిగొచ్చిన మందులను విరాళంగా పంపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే చెప్పింది. ధనిక దేశాలు వద్దనుకున్న సరుకు పేద దేశాల నెత్తిన పడకూడదన్న ఆలోచన న్యాయమైనదే.

అదే 1996లో న్యూయార్కులో 'ఎయిడ్ ఫర్ ఎయిడ్స్' అనే సంస్థ, మిగిలిన హెచ్.ఐ.వి. మందులను పోగుచేసి లాటిన్ అమెరికాలో మందు దొరకనివారికి పంపడం మొదలుపెట్టింది. అమెరికాలోని అనేక రాష్ట్రాలు ఆ తర్వాత ఇలాంటి పునర్వినియోగానికి చట్టాలు చేశాయి. అయోవాలో 2007 నుంచి ఇది నడుస్తోంది. సీలు చెదరకూడదు, గడువు మిగిలి ఉండాలి, ఫార్మసిస్టు పరీక్షించాలి - ముఖ్యమైన షరతులు ఇవే. మన కేంద్రాలలో మందు సీలు వేసిన డబ్బాల్లోనే ఇస్తారు కాబట్టి ఈ షరతులు మనకు అసాధ్యమైనవి కావు.

ఇక్కడే ఒక ప్రమాదాన్ని గుర్తించాలి. మన దేశంలో ఉచిత ఎ.ఆర్.టి. 2004 ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా 2022లో డోల్యుటెగ్రావిర్ వంటి మందుల కొరతపై హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు 42 రోజులు బైఠాయించాల్సి వచ్చింది. సుప్రీంకోర్టునూ ఆశ్రయించారు. చట్టంలోని 14వ సెక్షన్ 'సాధ్యమైనంత వరకు' మందులివ్వాలంటుంది. ఆ రెండు మాటల చాటున ప్రభుత్వం తప్పుకోవడానికి వీలుంది. మిగులు మందుల పథకం దానికి మరో సాకు కాకూడదు. ఒకరి ఇంట్లో మిగిలిన గోలీ మీద మరొకరి ప్రాణం ఆధారపడే స్థితి రాకూడదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. సీలు తీయని, గడువున్న డబ్బాలను కేంద్రాలు వెనక్కి తీసుకుని, పరీక్షించి వాడేందుకు నియమాలు చెయ్యాలి. మిగిలినవాటిని సురక్షితంగా పారెయ్యాలి. తిరిగి ఇచ్చిన స్త్రీని నిలదీయకూడదు, ఆమె పేరు బయటపెట్టకూడదు. కొరత కాలంలో ప్రాణం నిలుపుకోవడానికి గోలీలు పంచుకున్నవారిపై కేసులు పెట్టకూడదు. 'సాధ్యమైనంత వరకు' అన్న మాటలను చట్టం నుంచి తొలగించాలి.

మన కార్యకర్తలు చెయ్యగల పని కూడా ఉంది. బస్తీలలో ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మందు వేసుకుంటున్నారా అని అడిగి ఊరుకోవద్దు. దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో చోటుందా అని కూడా అడగండి. ఆ జవాబులు చట్టం చేసేవాళ్ల దాకా చేరాలి.