బీరువాలోని జపాను కప్పులు - వాటి నిజమైన వెల

మన ఇండ్లలో అద్దాల బీరువాకు ఒక మర్యాద వున్నది. అందులో జపాను కప్పులు, సాసర్లు వరుసదీరి వుంటాయి. వాటితో ఎవరూ కాఫీ తాగరు. తాతగారు రంగూనునుండి తెచ్చినవని బరంపురంలో ఒకరు, మద్రాసులో కొన్నవని బెంగుళూరులో మరొకరు చెప్పుకొంటారు. చెప్పుకొన్నంతవరకు ఆక్షేపణ లేదు. అయితే పంపకాలనాడు ఆ కప్పులే లక్షలు విలువచేసే బోన్ చైనాగా మారి, ఆడపడుచు వాటాకు చెల్లువేయబడడం నేను కన్నులారా చూచాను. నా ఆగ్రహమంతా అందుకే.

తెల్లని పింగాణి అంతా బోన్ చైనా కాదు. కాల్చిన ఎముకల బూడిదను మట్టిలో కలిపి చేసినదే బోన్ చైనా. ఆంగ్లేయుల పాత పద్ధతిలో ఆ బూడిద ఇంచుమించు సగపాలు. (మడి కట్టుకొనే మన పెద్దలకు ఈ సంగతి తెలిసివుంటే ఆ బీరువా గడప దాటేదా?) జపానులో నోరిటాకే వారి కర్మాగారం నగోయా దగ్గర 1904లో వెలసింది. పూర్తి డిన్నరు సెట్టు 1914లో గాని వారి చేతికి రాలేదు. బోన్ చైనా 1930ల నాటి మాట. నరుమి వారు దానిని పెద్దయెత్తున చేయ మొదలుపెట్టినది 1965లో. కనుక "మా ముత్తాత 1910లో కొన్న జపాను బోన్ చైనా" అన్నవారిని చూచి నవ్వి ఊరుకోవచ్చును.

దీపానికి అడ్డుపెట్టి, వెలుతురు కనబడగానే తీర్పు చెప్పే పండితులున్నారు. మంచి పింగాణి కూడా వెలుతురును పోనిస్తుంది గదా! సాధారణంగా బోన్ చైనాలో ఆ కాంతి మీగడ రంగున, పింగాణిలో ఇంచుక నీలిగా తోస్తుంది. అడుగున ముద్రలో "బోన్ చైనా" అని లేనప్పుడు ఆ మాటను మనం చేర్చడం సాహసం.

ఇక పాతదనమే విలువ అనే భ్రమ. యుద్ధానంతరం తమ పూర్వపు నాణ్యత కుదరక, నోరిటాకే వారు కొంతకాలం సొంత పేరు మాని "రోజ్ చైనా" అన్న ముద్ర వేశారు. చేసినవాడే పేరు పెట్టుకొనుటకు సంకోచించిన వస్తువుకు మనం వయస్సు చూపి వెల పెంచుతున్నాము! "నిప్పాన్" ముద్ర 1921కి ముందుదని చెప్పే లెక్క కూడా అమెరికా సుంకాల చట్టంనుండి పుట్టినది. అమెరికాకు పోయిన సరుకుకే అది సరిగా వర్తిస్తుంది.

వెలను నిర్ణయించేవి వేరు. అంచు బంగారం అరిగినదా, వెంట్రుకవాసి బీట వున్నదా, గోటితో మీటితే గంటవలె మ్రోగుతున్నదా, ఆరు కప్పులూ వున్నవా చూడాలి. అమ్మేవాడు అడిగిన ధరను కాదు, అమ్ముడుపోయిన ధరను విచారించాలి.

నేను చూచిన ఆ సెట్టులో కప్పులు నాలుగే మిగిలినవి. అడుగున "మేడ్ ఇన్ జపాన్" తప్ప మరొక అక్షరం లేదు. వర్తకుడు పదిహేను వందలు ఇస్తానన్నాడు. 2005 నాటి చట్టం పిత్రార్జితంలో కూతురిని కొడుకుతో సమానంగా నిలిపింది. ఆ అన్నదమ్ములు పంపకపు కాగితాన్ని తిరిగి విప్పి, లక్షలున్నచోట పదిహేను వందలు వ్రాసి, తక్కిన రొక్కం ఆమెకు చెల్లించవలెను.