అప్రెంటిస్ అంటే అగ్గువ కూలీ కాదు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ స్టడీ హాళ్లు చూడుండ్రి. గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకున్నోళ్లల్ల కెమిస్ట్రీ డిగ్రీ చేతిల ఉన్నోళ్లు ఎందరో! జీడిమెట్ల, పాశమైలారం మందుల కంపెనీల గేట్లు వాళ్లకెందుకు ఇంత దూరమైనయి?

హైదరాబాద్ మందుల పరిశ్రమకు బడి బాలానగర్ ఐడీపీఎల్. ఆ ప్రభుత్వ సంస్థల పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిండ్రు. నేర్పే చోటుంటే పరిశ్రమే పుడుతది.

ఆ బడి మూతపడ్డది. మిగిలింది అప్రెంటిస్ చట్టం. 1961 నాటి ఈ చట్టాన్ని 2014లో సవరించి ఇంజినీరింగేతర డిగ్రీలకూ తలుపు తెరిచిండ్రు. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నిబంధనలు చెప్పినయి. డిగ్రీ అయినోళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలన్నయి.

కానీ చట్టం దృష్టిల అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. ఏడాదైనంక కొలువియ్యాల్నా వద్దా అన్నది కంపెనీ రాసుకున్న విధానాన్ని బట్టే. అసలు మతలబు ఇక్కడే ఉన్నది. ఏడాదంతా డబ్బాలు మోయిస్తే, లేబుళ్లు అంటింపిస్తే అది శిక్షణెట్లయితది? హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చెయ్యి పెట్టనియ్యాలె. బ్యాచ్ రికార్డు రాయనియ్యాలె. శాంపిల్ ఫెయిలైతే కారణం వెతకడం నేర్పాలె.

ఏ కంపెనీ ఎందరిని తీసుకున్నది, ఎందరికి కొలువిచ్చింది? సర్కారు ఏటా లెక్క చెప్పాలె. నారాయణగూడ కాలేజీలు చివరి సంవత్సరంలనే పిల్లలకు ఈ చట్టం చదివించాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రిజిస్టరైన ఒప్పందం చేతికి రాకుంటే గేటు దాటకుండ్రి. వస్తే వెనుకాడకుండ్రి. స్టైపెండ్ తీసుకునుడే కాదు, పని నేర్పమని అడుగుడూ మీ హక్కే.